కాలువ గుంతలోని ముక్కుపుడక

ప్రొద్దుటూరులో మా ఇంటి కింది గదిలో అద్దెకున్న బంగారు పనివాడు, గది ఖాళీ చేస్తున్నానని చెప్పడానికి ఒక ఉదయం మేడ మెట్లెక్కి వచ్చాడు. జమ్మలమడుగులో సొంత ఇల్లు కట్టుకున్నాడనీ, వచ్చే శుక్రవారం ఫాతిహా ప్రార్థన చదివించి అందులో చేరుతున్నాడనీ చెప్పి, మెట్లు దిగబోతూ ఆగి ఒక మాట అడిగాడు.

"సార్, గది మీకు అప్పజెప్తా. నేలలో ఉండే మన్ను మాత్రం నాది. దాన్ని తీసుకపోతా."

వంటింట్లో ఉన్న నా భార్య వెంటనే అందుకుంది. "ఏమప్పా, ఇల్లు మాది, ఇంటి కింద మన్ను నీదా? ఇన్నాళ్లూ నీ మన్ను మీద మేము కాపరం చేస్తాండామా?"

"అంతే గదమ్మా. నేనే మీ దగ్గర బాడుగ తీసుకోవాల్సింది," అన్నాడు అతను నవ్వుతూ.

మా బజారులో ఇది కొత్త కోరిక కాదు. బంగారు పనివాడు చోటు మారేటప్పుడు, తాను కూర్చున్న నేలను గీకి ఆ మట్టిని వెంట తీసుకుపోవడం ఇక్కడి వాడుక. నగలు చేయించుకునేవారి బంగారం తూకం ప్రకారం వస్తుంది, తూకం ప్రకారం పోతుంది. ఆకురాయితో రుద్దినప్పుడు రాలే రజను చాలావరకు ఒళ్లోని తోలుగుడ్డలో పడుతుంది. కొంత ఊపిరికి ఎగిరి, బట్టలకు అంటుకుని, నేల చేరుతుంది. రోజూ ఊడ్చి ఎత్తినా చీపురుకు అందనిది కొంత మిగులుతుంది. ఆ గదిలో పరచినవి కడప బండలు. వాటి సందుల్లో పూసిన సిమెంటు ఎప్పుడో రాలిపోయింది. రాలిన రజను ఆ సందుల్లో దిగి ఉండాలి.

అతడు తండ్రి దగ్గర పని నేర్చుకున్న ముస్లిం. నేను అతణ్ణి భాయ్ అని పిలుస్తాను. వెనుక గదిలో అతనూ భార్యా కాపురముండేవారు. ఆమె లేని సమయం చూసి వచ్చాడని నాకు అప్పటికి తట్టలేదు. ఆ మట్టితో ఏం చేస్తావని అడిగితే, గొంతు తగ్గించి చెప్పాడు.

"మా ఇంటామెకు ముక్కుపుడక చేయాల సార్. బంగారు పనోని పెండ్లాము ముక్కుకు రోల్డుగోల్డు పెట్టుకోని తిరుగుతాంది. నగలు చేయించను వచ్చినోళ్లు చూసి నవ్వుతాండారు."

"కొని చేయొచ్చు కదా, భాయ్."

"ఇల్లు కట్టినాక యాడిదీ కొనేది? అదీగాక, నా చేతిలోకి వచ్చిన బంగారమంతా ఊరోళ్లదే. నాదనేది ఆ బండల సందులో ఉండేదే. దాంతోనే చేయాల. కొత్తింటి గడప దాటే పొద్దుకు పెడ్తా. ఆమెకు మాత్రం చెప్పొద్దండి."

"ఎంత కావాలి?"

"గ్రాము లేకుంటే పుడక కండ్లకు ఆనదు సార్."

నేను జమ్మలమడుగులో రసాయనశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. తూచనిదాన్ని ఉన్నదనీ అనను, లేదనీ అనను. అతని ఆశ సబబుగానే తోచింది కానీ, గ్రాము మాట దగ్గర నేను ఔననలేదు. సందులన్నీ గీకి, మట్టిని ఆరబెట్టి, ముందు తూచాలని మాత్రం చెప్పాను. పనిముట్లన్నీ తరలించాక, ఆఖరున నేల గీకడం వాళ్ల పద్ధతి. ఆ ప్రకారం, సోమవారం అతడు కుంపటి, దాగలి, తీగ లాగే కమ్మచ్చు ఆటోలో వేసుకుని జమ్మలమడుగు వెళ్లాడు. మంగళవారం నేల పని పెట్టుకుందామనుకున్నాం.

అదే సోమవారం నేనూ నా భార్యా పులివెందులలో బంధువుల ఇంటి శుభకార్యానికి వెళ్లాం. అక్కడ మా బావమరిది భోజనాల పంక్తి లేవకముందే ఒక తెల్లని రాయి తెచ్చి నా విస్తరి పక్కన పెట్టాడు. వేముల దిక్కు చేనులో దొరికిందట. పిడికిలికి సరిపోయే రాయి, ఎత్తితే చేయి కిందికి లాగింది.

"బావా, ఇంత బరువుండాదే, లోపల వెండి గినా ఉంటాదా?"

చెయ్యి కడుక్కుని, పెళ్లివారి వంటశాలలోని కాటా మీద రాయిని గాలిలో ఒకసారి, దారం కట్టి నీళ్లలో ముంచి మరొకసారి తూచాను. రెంటి తేడాతో మొదటి తూకాన్ని భాగించగా నాలుగున్నరకు దగ్గరగా వచ్చింది. మామూలు చెకుముకి రాయి అయితే రెండు పాయింట్ ఆరు దాటదు. వెండి అయితే పదిన్నర ఉండాలి. నాలుగున్నర అంటే ముగ్గురాయి. ఆ దారిన లారీలకెత్తుకుని పోయేది అదే.

"ఇందులో ఒక లోహం ఉంది. దాని పేరు బేరియం. గంధకం, ఆమ్లజని దాన్ని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. విడదీయడం నీ వల్ల కాదు, నా వల్లా కాదు," అన్నాను.

"ఏంది బావా, మన జిల్లాలో ఏ రాయి ఎత్తినా లోపల ఏదో ఒకటి ఉండాదంటావు, ఒక్కటీ చేతికి రాదంటావు!"

అతని ఫిర్యాదులో న్యాయం ఉంది. లోహాలు ప్రకృతిలో లోహాలుగా కనపడటం అరుదు. ఇనుము ఎర్రరాతిలో ఆమ్లజనితో కలిసి ఉంటుంది. బొగ్గుతో కాల్చి, ఆ ఆమ్లజనిని బొగ్గుకు అప్పగించి, ఇనుమును విడిపించాలి. అల్యూమినియం బొగ్గుకు లొంగదు. కరిగించి విద్యుత్తు పంపాలి. పులివెందులకు దగ్గరలోని తుమ్మలపల్లెలో యురేనియం సున్నపురాయి జాతి రాతిలో చిక్కి ఉంది. వెయ్యి కిలోల రాయి పొడి చేస్తే అర కిలో కూడా ఉండదు. ఆమ్లం పోస్తే ఆమ్లాన్నంతా ఆ రాయే తినేస్తుంది కనుక, సోడా ద్రావణంలో వేడినీ ఒత్తిడినీ పెట్టి కరిగించి తీస్తారు. అక్కడ పనిచేసే నా పాత విద్యార్థి ఒకడు ఆ పద్ధతిని నాకు వరుస తప్పకుండా వివరించాడు. బంగారం సంగతి వేరు. అది ఎవరితోనూ కలవదు. రాతి పగుళ్లలో ఉన్నా, ఏటి ఇసుకలో ఉన్నా, బంగారంగానే ఉంటుంది. దాన్ని విడదీయనక్కరలేదు, వెదకాలి. టన్ను రాతిలో నాలుగైదు గ్రాములుంటే దాన్ని మంచి గని అంటారు.

సాయంత్రం బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి కింది గది తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. సబ్బు వాసన వీధిలోకి వస్తోంది. భాయ్ భార్య కుచ్చిళ్లు పైకి దోపుకుని, ఖాళీ బకెట్లు బోర్లిస్తోంది. అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తళతళలాడేటట్టు కడిగి అప్పజెప్పడం ఆమె పుట్టింటి మర్యాదట. బండలు నల్లగా నిగనిగలాడుతున్నాయి.

"చూడక్కా," అంది నా భార్యతో, "సందుల్లో శానా మట్టి ఉండింది. మేకు పెట్టి ఒక్కొక్క సందూ గీకి, సర్ఫు వేసి రుద్ది, నీళ్లు కొట్టినా. ఇప్పుడు అన్నం పెట్టుకోని తినొచ్చు."

"అద్దం మాదిరి చేసినావు కదమ్మా!" అని నా భార్య మెచ్చుకుంది.

అంతలో ఆటో ఆగింది. భాయ్ గుమ్మంలో నిలబడి లోపలికి చూశాడు. చెప్పులు విప్పినవాడు మళ్లీ తొడుక్కున్నాడు.

"ఏం చేసినావే?"

"కడిగినా."

"ఎవురు కడగమన్నారు?"

"ఎవురన్నా చెప్పల్నా? పెద్దోళ్ల ఇల్లు, గలీజుగా ఇడ్సిపెట్టి పోతామా?"

"నా మన్నంతా యాడికి పోయింది?"

"మోరీలోకి పోయింది. ఏం, జమ్మలమడుగులో మన్ను దొరకదా నీకు?"

అతడు గుమ్మం మీదే కూలబడ్డాడు. "నీ ముక్కుపుడక నువ్వే కడిగేసుకుంటివి గదే," అన్నాడు. దాచిన మాట అలా బయటపడింది. ఆమె మొదట నమ్మలేదు. నా వైపు చూసింది. నేను ఔనన్నట్టు తల ఊపాను. ఆమె చేయి ముక్కు మీదికి వెళ్లింది.

"ముందే చెప్పి ఉంటే మేకుతో గీకిన మట్టి చేటలో ఎత్తిపెడ్తా ఉంటిని," అంది చివరకు. "దాపరికం చేసింది నువ్వు, తిట్లు నాకా?"

ఆ వాదంలోకి నేను పోలేదు. గది వెనుక గోడలోని తూము దగ్గరికి వెళ్లి చూశాను. గది నీళ్లు ఆ తూములోంచి పక్కసందులోని చిన్న కాలువలో పడతాయి. కాలువ మా గోడ వెంబడి సాగి, వీధి కాలువలో కలిసే ముందు ఒక గుంతలో దిగుతుంది. చెత్త వీధిలోకి పోకుండా ఇల్లు కట్టినప్పుడే తవ్వించిన గుంత అది. మేడ మీది స్నానాల నీళ్లూ అందులోకే వస్తాయి. గుంత నిండా నల్లటి బురద పేరుకుని ఉంది.

"భాయ్, లే. బంగారం నీళ్లకంటే పందొమ్మిది రెట్లకు పైగా బరువు. మట్టి రెండున్నర రెట్లు. ఈ కాలువ నీళ్లకు మట్టిని మోసే బలమే లేదు కనుకనే గుంత నిండింది. మట్టినే దించేసిన నీళ్లు బంగారాన్ని ఎక్కడికి మోసుకుపోతాయి?"

అతడు తల ఎత్తలేదు. "రజను సన్నంగా ఉంటాది సార్. నీళ్ల మీద తేలి పోతాది. నేను కండ్లారా చూసినా."

అతడన్నది నిజమే. మరీ సన్నని రేకు తడవకపోతే నీటి పైపొర దాన్ని మోస్తుంది, జిడ్డు ఉంటే ఇంకా బాగా మోస్తుంది. కానీ ఆ పైపొరను సబ్బు బలహీనపరుస్తుంది. ఏటి ఇసుకలో బంగారం కడిగేవారు పళ్లెంలో ఒక బొట్టు సబ్బునీరు కావాలనే వేసుకుంటారు.

"అమ్మా, సర్ఫు ఎంత వేశావు?" అని ఆమెను అడిగాను.

"పాకెట్టంతా వేసినా సార్," అంది ఆమె, అదీ తప్పేనేమోనని జంకుతూ.

"చాలా మంచి పని చేశావు. ఒక్క రజను కూడా తేలి ఉండదు."

ఆమె మొగుడి వైపు తిరిగి, "ఇన్నావా?" అంది.

గండికోట దగ్గర లోయలో ఇరుకున ఉరికే పెన్న, కిందికి వచ్చి మైలవరం జలాశయంలో పరచుకోగానే మోసుకొచ్చిన ఒండ్రునంతా దించేస్తుంది. మా గుంత కూడా అంతే. చిక్కల్లా ఒక్కటే. మళ్లీ జోరుగా నీళ్లు వస్తే బురద కదిలి వీధి కాలువలోకి పొర్లుతుంది. అందుకని, తెల్లవారి గుంత తోడేదాకా ఇంట్లో ఎవరూ కొళాయి తిప్పరాదని చెప్పాను.

"బస్సులో పడి దుమ్ము కొట్టుకోని వచ్చినాం. నీళ్లు పోసుకోవద్దా?" అంది నా భార్య.

"రేపు పోసుకుందువులే."

"పిల్లోళ్లకు పాఠాలు చెప్పి చెప్పి, ఇప్పుడు మోరీకి కాపలా కూర్చుంటావా?" అని సణిగి, తువ్వాలు భుజాన వేసుకుని పక్కింటికి వెళ్లింది. అక్కడ ఏమని చెప్పిందో తెలియదు గానీ, మరునాడు పొద్దున్నే గోడ అవతల నాలుగు తలలు లేచాయి.

భాయ్ లుంగీ ఎగగట్టి గుంతలో దిగాడు. అతడు తోడి ఇస్తే భార్య తట్టకెత్తింది. నేను గోడ పక్కన ఎండలో పాత రేకులు పరిచి ఆ బురదను పలచగా ఆరబెట్టాను. గోడ అవతలి నుంచి ప్రశ్నలు మొదలయ్యాయి.

"ఏం పోయింది సార్?"

"ఏమీ పోలేదు. వస్తోంది."

"ఏమొస్తాంది?"

"తెలిస్తే చెప్తాను."

"ఎన్నేండ్లైనా మీ సార్ ఇంతే. అన్నంలో ఉప్పు సరిపోయిందా అంటే గూడ తూకమడుగుతాడు," అని నా భార్య వాళ్లకు నా తరఫున జవాబు చెప్పింది.

మధ్యాహ్నానికి ఎండినదాన్ని తూచాను. పద్నాలుగు కిలోలు. దాన్ని ఇనుప మూకుట్లో వేసి మాడ్చాం. వెంట్రుకలు, దారాలు, పీచు కాలి బూడిదయ్యాయి. చల్లారాక జల్లెడ పట్టి, గులకలు ఏరివేసి, అయస్కాంతం తిప్పాం. ఆకురాళ్ల నుంచీ మేకు నుంచీ రాలిన ఇనుప రజను దానికి నల్లగా మీసాల్లా అంటుకుంది. మిగిలినదాన్ని వెడల్పు బేసినులో కొంచెం కొంచెంగా వేసి, నీళ్లలో తిప్పుతూ తేలికైన మట్టిని అంచు మీదుగా జారవిడిచాం. ఖనిజాన్ని మాలిన్యం నుంచి వేరుచేయడానికి గనుల దగ్గర యంత్రాలు చేసేది కూడా ఈ పనే. ఆ తిప్పడంలో భాయ్ చేయి ఆడినట్టు నాది ఆడదు. కానీ జారవిడిచిన నీళ్లను పారబోయకుండా బకెట్లలో పట్టి, అడుగున దిగినదాన్ని రెండోసారి కడిగించింది నేను. అందులోనూ రెండు మెరుపులు కనపడ్డాయి.

చివరకు బేసిను అడుగున చారెడు నల్లని మడ్డి మిగిలింది. భాయ్ జేబులోంచి చిన్న సీసా తీశాడు. పాదరసం. రజనును పాదరసం పట్టుకుంటుంది. ఆ తర్వాత దాన్ని మరిగించి ఎగరగొడితే బంగారం మిగులుతుంది.

"అది ఈ ఇంట్లో తెరవద్దు, భాయ్. ఆ ఆవిరి నీ ఒంట్లో చేరితే మళ్లీ బయటికి తీయడానికి ఏ మూసా లేదు."

"మా నాయన జీవితమంతా ఇదే వాడినాడు సార్."

"ఆయనకు చేతులు వణికేవా?"

"వణికేటివి," అని సీసా మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

మేడ మీదికి ఎక్కి, మడ్డిని వెలిగారంతో కలిపి మూసలో పెట్టి, గ్యాస్ మంట పట్టాడు. వెలిగారం కరిగి మిగిలిన మట్టిని గాజులా తనలోకి లాక్కుంది. బంగారం కరగడానికి వెయ్యీ అరవై నాలుగు డిగ్రీలు కావాలి. మూస తెల్లగా మండుతుండగా అడుగున ఒక బొట్టు గుండ్రంగా కదిలింది. భాయ్ భార్య వంగి చూసి, "ఇంతేనా?" అంది. చల్లారాక చూస్తే, రాగీ, అతుకులకు టాంకం పెట్టిన లోహాలూ కలిసి, చింతగింజ రంగులో ఉన్న పూస అది.

శుద్ధి మిగిలింది. బంగారానికి మూడు వంతులు వెండి కలిపి మళ్లీ కరిగించి, రేకు కొట్టి, నత్రికామ్లంలో వేయాలి. వెండి అంత ఎక్కువగా కలపకపోతే ఆమ్లం లోపలిదాకా దిగదు. గాలి మా వీపు వైపు నుంచి వీచేటట్టు నిలబడి ఆ పని చేశాం. గోధుమరంగు పొగ లేచింది. వెండి, రాగి, మిగిలిన కల్తీ అన్నీ కరిగి నీళ్లయ్యాయి. అడుగున మిగిలినదాన్ని కడిగి, ఆరబెట్టి, పింగాణీ గిన్నెలో చూపాను.

"ఇదేంది, కాఫీ పొడి మాదిరి ఉండాది?" అంది నా భార్య.

"ఇదే మేలిమి బంగారం."

"ఇది ముక్కుకు పెట్టుకుంటే మసి అంటుకునిందనుకుంటారు," అంది భాయ్ భార్య దిగాలుగా.

భాయ్ ఆ పొడిని చిటికెడు వెలిగారంతో మూసలో వేసి మంట పట్టాడు. ఈసారి మూసలోంచి పడినది పసుపుపచ్చని పూస. గోడ అవతలివాళ్లు అప్పటికి మా మేడ మీదికే వచ్చేశారు. నా తూనికయంత్రం అద్దాల పెట్టెలో ఉంటుంది. పూసను పళ్లెంలో ఉంచి తలుపు మూసి, ముల్లు నిలిచేదాకా ఆగాను.

"సార్, తొందరగా చెప్పండి. ఊపిరి ఆడ్డం లేదు," అన్నాడు భాయ్.

"ఒక గ్రాము ఇరవై ఆరు సెంటీగ్రాములు."

అతడు రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. అతని భార్య, "గ్రాము దాటినట్టేనా?" అని నన్నడిగి, దాటిందని చెప్పాక మొగుడి వీపు మీద ఒకటి చరిచింది. పద్నాలుగు కిలోలకు ఇంత అంటే, టన్నుకు తొంభై గ్రాముల లెక్క. గనులవారు టన్నుకు నాలుగైదు చూసి సంతోషిస్తారని చెబితే, నా భార్య కిందికి వంగి సందులోని గుంతను కొత్తగా చూసింది.

"ఇంకో బంగారు పనోనికే బాడుగకిద్దాం," అంది.

ఆమ్లంలో కరిగిన వెండిని నేను వదలలేదు. రాగి రేకు వేస్తే రాగి కరుగుతూ, వెండి పొడిగా దిగింది. దాన్ని కడిగి భాయ్‌కు ఇచ్చేశాను. మిగిలిన నీలి నీళ్లలో సోడా కలిపి రాగిని కూడా దించేశాకనే పారబోశాను. అప్పుడు గాని ఆ కాలువలోకి నీళ్లు వదలనివ్వలేదు.

శుక్రవారం జమ్మలమడుగు వెళ్లాం. నేను చేతిసంచిలో చిన్న కాటా ఒకటి పెట్టుకున్నాను. పూసకు రాగి కలిపి ఇరవై రెండు కేరట్లు చేస్తే ఒక గ్రాము ముప్ఫై ఏడు రావాలి. ఆకురాయికి కొంత పోతుంది. ఎంత పోయిందో తెలిస్తే, గుంత నుంచి పుడక దాకా లెక్క పూర్తవుతుంది. కొత్త ఇంటి ముందు షామియానా కింద జనం ఉన్నారు. భాయ్ భార్య గడప దగ్గరే ఎదురొచ్చింది. ముక్కుపుడక ఎండకు మెరిసింది. ఎనిమిది రేకుల పువ్వు, నడుమ ఎర్రరాయి.

"బాగుండాదా సార్?"

"చాలా బాగుందమ్మా. ఒక్క నిమిషం తీసి ఇస్తే తూచి ఇచ్చేస్తాను."

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. "తీసేదా? మోరీలో పోయిందాన్ని ఎతికి తెచ్చి పెట్టుకుంటి. ఇంక చచ్చినా తియ్యను. కావాలంటే ముక్కుతో సహా తూకమేసుకోండి."

"భాయ్, నువ్వయినా తూచావా?"

"రాయి పొదిగేలోపలే లాక్కోని పెట్టేసుకునింది సార్. రాయి కూడా ముక్కు మీదనే పొదిగినా," అన్నాడు అతను. షామియానా కింద నవ్వులు లేచాయి.

నా భార్య నా చేతిలోంచి సంచి తీసుకుని కాటాను అడుక్కు నెట్టింది. భాయ్ భార్య లోపలికి వెళ్లి రెండు గిన్నెల్లో సేమ్యా పాయసం తెచ్చి మా ముందు పెట్టి, చక్కెర సరిపోయిందా లేదా నాలుకతోనే చూసి చెప్పమంది. సరిపోయిందని చెప్పాను.